ఎనిమిదో తరగతిలో 43 మంది, ఐదుగురికి నా పాఠం అందడం లేదు. ఫోను, ప్యానెల్‌తో ఏం చేయొచ్చు?

లెక్కల మాస్టారు (గుంటూరు)

అందరికీ నమస్కారం. గుంటూరు పక్క మండలంలో జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెబుతాను, పద్దెనిమిదేళ్ల సర్వీసు. క్లాసులో పెద్ద టచ్ ప్యానెల్ ఉంది కానీ ఇన్నాళ్లూ దాని మీద వీడియోలు వేయడం, పుస్తకం పేజీ పెద్దగా చూపించడం తప్ప ఇంకేమీ చేయలేదు. ఈ ఏడాది ఎనిమిదో తరగతిలో 43 మంది ఉన్నారు, వాళ్లలో ఐదుగురి గురించి రాత్రి నిద్రపట్టడం లేదు.

ఒక పాపకి కుడి కన్ను కనపడదు, ఎడమ కంటికి పుస్తకం ముక్కుకి ఆనించుకుంటేనే అక్షరం కనపడుతుంది. ఒక అబ్బాయికి రెండు చెవులకీ మిషన్లు. ఇద్దరు అక్కచెల్లెళ్లు ఒడిశా నుంచి ఇటుక బట్టీకి వచ్చినవాళ్లు, తెలుగు రాదు, అక్కకి వయసుని బట్టి ఎనిమిదిలో సీటు ఇచ్చారు, చెల్లెలు ఏడు, కానీ అక్కని వదిలి కూర్చోదు. ఐదో వాడు మిర్చి యార్డులో హమాలీ కొడుకు. వాడి సంగతి చెప్పాలి. 40 కిలోల మిర్చి టిక్కీలు (బస్తాలు) 35, క్వింటా 13 వేలు, మొత్తం ఎంతరా అంటే నేను బోర్డు వైపు తిరిగేలోపు లక్షా ఎనభై రెండు వేలు అంటాడు. అదే లెక్క కాగితం మీద రాసి ఇస్తే ఖాళీ పేపర్ ఇస్తాడు. చదవలేడు. అందరూ వాడికి లెక్కలు రావని రాసేశారు.

యాప్‌ల పేర్లు చాలా విన్నాను. నిజంగా క్లాసులో వాడినవాళ్లు చెప్పండి.

భవిత టీచరమ్మ

మాస్టారూ, ముందు ఈ ఐదుగురినీ ఒకే గాటన కట్టకండి. ఏ యాప్ వాడాలి అనే ప్రశ్న తర్వాత, ఎక్కడ ఆగిపోతున్నారు అనేది ముందు చూడాలి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రంలో పదకొండేళ్లుగా పనిచేస్తూ నేను తెలుసుకున్నది ఇదే. పాప కంటి దగ్గర ఆగుతోంది, మిషన్ల అబ్బాయి చెవి దగ్గర, హమాలీ గారబ్బాయి అక్షరం దగ్గర ఆగుతున్నాడు, అక్కచెల్లెళ్లు భాష దగ్గర. వీళ్లలో ఎవరూ లెక్క దగ్గర ఆగలేదు.

పాపకి రేపే ఒక పని చేయండి. ఒకే వాక్యాన్ని 18, 24, 28, 36 సైజుల్లో ప్రింట్ తీసి చదివించండి, ఏ సైజులో మెడ వంచకుండా చదువుతుందో అదే ఆ పిల్ల సైజు. మన పుస్తకాల్లో ఒక పక్క ఇంగ్లీషు, ఒక పక్క తెలుగు ఉండేసరికి అక్షరం చిన్నదైపోయింది, పాపకి అది చీమల బారే. ప్యానెల్ మీద కిటికీ వెలుగు పడి మెరుస్తుందేమో చూడండి, మెరిస్తే ముందు బెంచీలో కూర్చోబెట్టినా లాభం లేదు. మీరు ప్యానెల్ మీద రాసినదాన్ని ఫోటో తీసి పాప చేతిలో ఫోన్‌కో ట్యాబ్‌కో పంపితే రెండు వేళ్లతో సాగదీసుకుని చూసుకుంటుంది.

ఇంకొకటి, సదరం సర్టిఫికెట్ (వైకల్య ధ్రువపత్రం) ఉందా? లేకపోతే వెంటనే స్లాట్ పెట్టించండి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో సెక్షన్ 17 ప్రకారం 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకి 18 ఏళ్లు వచ్చేదాకా పుస్తకాలు, తగిన పరికరాలు ఉచితంగా ఇవ్వాలి. పరీక్షలో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి, రెండో మూడో భాషల నుంచి మినహాయింపు కూడా అందులోనే ఉన్నాయి. పాత 1995 చట్టంలో ఏడు రకాలే ఉండేవి, ఇప్పుడు 21. చదవడం, రాయడంలో వచ్చే ప్రత్యేక ఇబ్బంది కూడా ఇప్పుడు ఆ జాబితాలో ఉంది. మీ హమాలీ గారబ్బాయిని ఒకసారి పరీక్ష చేయించడం అందుకే అవసరం.

వినిచదువు (విజయవాడ)

నాకు పుట్టుకతోనే చూపు లేదు. విజయవాడలో బ్యాంకులో పనిచేస్తున్నాను, ఇది కూడా స్క్రీన్ రీడర్‌తోనే, అంటే తెర మీదున్నది పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌తోనే చదివి రాస్తున్నాను. మాస్టారూ, మీరు అడిగారు కాబట్టి రెండు విషయాలు చెబుతాను, ఒకదానికి పైసా ఖర్చు లేదు.

నేను ఎనిమిది చదివేటప్పుడు లెక్కల క్లాసంతా నాకు ఇలా వినపడేది: "ఇప్పుడు దీన్ని ఇటు తెచ్చి, ఇది దాంతో కొట్టేస్తే, ఇదిగో ఇది వస్తుంది." ఏది? ఎటు? టేలర్ ఫ్రేమ్ (చూపులేనివాళ్లు తడిమి లెక్కలు చేసే పలక) ముందు పెట్టుకుని చేతులు ఊరికే ఆడించేవాణ్ణి. తొమ్మిదిలో వచ్చిన మాస్టారు రాసే ప్రతిదీ నోటితో చెబుతూ రాసేవారు, "మూడు ఎక్స్ ప్లస్ ఐదు, సమానం ఇరవై, ఐదుని కుడి పక్కకి తెస్తే మైనస్ ఐదు" అని. నాకు లెక్కలు వచ్చింది ఆ ఏడాదే. మీ పాపకీ అదే కావాలి. చెవి మిషన్ల అబ్బాయికి తప్ప మిగతా అందరికీ అది పనికొస్తుంది.

రెండోది టైపింగ్ సంగతి, ఇదే పెద్దది. ఎన్‌వీడీఏ అని కంప్యూటర్‌కి ఉచిత స్క్రీన్ రీడర్ ఉంది, ఆస్ట్రేలియాలో చూపులేని ఒక కుర్రాడు 2006లో మొదలుపెట్టాడు, తర్వాత చూపులేని ఇంకో స్నేహితుడు కలిశాడు, తెలుగు కూడా చదువుతుంది. ఆండ్రాయిడ్ ఫోన్లో అదే పని చేసే టాక్‌బ్యాక్ ఉంటుంది. కానీ అవి చదవాలంటే ఎదురుగా ఉన్నది నిజమైన తెలుగు అయ్యుండాలి. మన ప్రశ్నపత్రాలు, గైడ్లు, స్కూలు మెటీరియల్ చాలావరకు 'అను' అనే పాతకాలపు ఫాంట్లలో టైప్ చేస్తారు. చూసేవాళ్లకి అది చక్కటి తెలుగు. కంప్యూటర్‌కి మాత్రం అవన్నీ ఏవో ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. స్క్రీన్ రీడర్ ఆ గుర్తులనే చదువుతుంది. పోటీ పరీక్షకి చదివేటప్పుడు ఒక కోచింగ్ సెంటర్ వాళ్లు నాలుగు వేలు తీసుకుని పీడీఎఫ్ మెటీరియల్ ఇచ్చారు, ఒక్క లైను కూడా వినలేకపోయాను. అడిగితే అందరికీ ఇదే ఇస్తున్నాం అన్నారు.

తేలిక పరీక్ష చెబుతాను. ఫైల్లోంచి ఒక లైను కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేయండి. తెలుగు పడితే అది యూనికోడ్, అంటే కంప్యూటర్ కూడా తెలుగుగానే గుర్తుపట్టే అక్షరం. గజిబిజి పడితే అది మాలాంటివాళ్లకి మూసిన పుస్తకమే. అసలు సెలెక్టే కాకపోతే అది బొమ్మ.

సత్తెనపల్లి పండితుడు

నేను తెలుగు పండితుడిగా 34 ఏళ్లు చేసి రిటైర్ అయ్యాను. చూపులేని పిల్లల విషయంలో నాకు అభ్యంతరం ఏమీ లేదు, వాళ్లకి ఏది ఇచ్చినా తక్కువే. కానీ చదవలేని అబ్బాయికి ఫోన్ చదివి పెడితే వాడు ఇక జన్మలో చదువుతాడా? నా అనుభవంలో అక్షరం రాని పిల్లలని ఇసుకలో దిద్దించాను, బియ్యంలో రాయించాను, రోజుకి ఒక్క గుణింతం, ఏడాది పట్టినా సరే. ఎనిమిదికి వచ్చేదాకా ఎవరూ పట్టించుకోకపోవడం అసలు తప్పు. ఇప్పుడు చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టి ఆ తప్పుని కప్పేస్తారేమోనని నా భయం. నొప్పించి ఉంటే క్షమించండి.

బ్రాడీపేట అమ్మ

పండితులు గారూ, మీ భయం నాకు అర్థమైంది, ఎందుకంటే నేనూ అలాగే అనుకుని మా వాణ్ణి నాలుగేళ్లు ఏడిపించాను.

మా అబ్బాయికి డిస్‌లెక్సియా, టీచరమ్మ చెప్పిన చదవడం, రాయడంలో ఇబ్బంది అదే. మూడో తరగతిలో ప్రైవేటు స్కూల్లో వాడికి బద్ధకం అన్నారు, అందరి ముందూ మొద్దు అన్నారు. పలకని వలక అని చదివేవాడు. ప, వ, ష, మ, య అన్నీ వాడికి ఒకేలా ఉండేవి. వత్తు వస్తే ఇంకా కష్టం. "రాష్ట్రం" అనే మాట దగ్గర వేలు పెట్టి ఆగిపోయేవాడు. ష తెలుసు, కింద ట వత్తు, దాని పక్కన ర వత్తు, ఏది ముందు పలకాలో తేల్చుకునేసరికి వాక్యం మొదట్లో ఏముందో మర్చిపోయేవాడు. పేజీ మొత్తం అలాగే. పిల్లాడి చొక్కా వీపు తడిసిపోయేది చెమటకి, ఫ్యాను కిందే. నేను పక్కన కూర్చుని మళ్లీ చదువు, మళ్లీ చదువు అనేదాన్ని.

2021లో స్కూళ్లు మూసినప్పుడు గూగుల్ రీడ్ అలాంగ్ యాప్ ఫోన్లో వేశాను. వాడు పైకి చదివితే అది వింటుంది, తప్పు చదివితే ఆ మాట పలికి వినిపిస్తుంది, అంతే, తిట్టదు. తిట్టనివాళ్ల దగ్గర వాడు రోజుకి ఇరవై నిమిషాలు చదివాడు. ఇంకోపక్క సోషల్, సైన్స్ పాఠాలు నేను చదివి రికార్డు చేసి వినిపించాను, ఆ సబ్జెక్టుల్లో వెనకబడకూడదని. రెండూ పక్కపక్కనే నడిచాయి. తెలుగులో నోటితో చెబితే టైపయ్యే కీబోర్డు ఉంది కదా, దాంతో ఒకరోజు "మా తాతయ్య ఊరు" అని పది లైన్లు చెప్పాడు. స్క్రీన్ మీద చూసి "అమ్మా, ఇది నేను రాసిందేనా" అని అడిగాడు. తర్వాత ఆ పది లైన్లు వాడే చదివాడు, తన మాటలే కాబట్టి ఎక్కడా ఆగలేదు. చదవడం అక్కడ మొదలైంది మాకు.

పదో తరగతి స్క్రైబ్‌తో (చెబితే రాసిపెట్టే మనిషితో) రాశాడు. ఒక్క సలహా, స్క్రైబ్ దొరికారు కదా అని ఊరుకోకండి. చెప్పి రాయించడం కూడా నేర్చుకోవాల్సిన పనే, మొదటి మోడల్ పరీక్షలో వాడు చెప్పిందీ ఆ అబ్బాయి రాసిందీ పొంతన లేదు. వారానికి రెండుసార్లు చొప్పున మూడు నెలలు ప్రాక్టీసు చేయించాను. ఇప్పుడు ఇంటర్ సెకండియర్.

భవిత టీచరమ్మ

ఈ అమ్మ చెప్పినదే నేనూ పిల్లల తల్లిదండ్రులకి చెప్పేది. లెక్కల పరీక్ష పెడుతున్నామంటే లెక్క వచ్చా రాదా అనేదే చూడాలి, అక్కడ ప్రశ్న వినిపించండి. చదివించే గంటలో మాత్రం చదివించండి, పండితులు గారి ఇసుక, బియ్యం అక్కడ చాలా బాగా పనిచేస్తాయి, వేలికి తెలిసింది కంటికి తొందరగా తెలుస్తుంది. ఈ రెండు గంటలూ కలిపేస్తేనే పిల్లాడు రెండింట్లోనూ ఫెయిల్ అవుతున్నాడు.

సింగ్ నగర్ డిగ్రీ

చెవి మిషన్ల అబ్బాయి గురించి నేను రాస్తాను, నాకూ రెండు మిషన్లే. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద మా ఇంట్లోకి వచ్చినప్పుడు నావి తడిసి పోయాయి, కొత్తవి వచ్చేదాకా రెండు నెలలు లైవ్ ట్రాన్‌స్క్రైబ్ అనే యాప్‌తోనే కాలేజీకి వెళ్లాను. మాట్లాడుతుంటే తెలుగులో తెర మీద రాస్తుంది, ఫ్రీ. కానీ క్లాసులో దాని సంగతి వేరు. బెంచీ మీద ఫోన్ పెడితే ఫ్యాన్ చప్పుడు, పక్కవాళ్ల మాటలు అన్నీ రాసేస్తుంది. లెక్చరర్ కాలర్‌కి చిన్న వైర్‌లెస్ మైకు పెట్టాక మూడొంతులు సరిగ్గా వచ్చింది. నెట్ కూడా కావాలి.

మిషన్ పెట్టుకుంటే అంతా వినపడుతుందని అనుకోకండి సార్. చప్పుడు పెద్దదవుతుంది, మాట స్పష్టం కాదు. మేము సగం మీ పెదాలు చూసి అర్థం చేసుకుంటాం. బోర్డు వైపు తిరిగి మాట్లాడితే మాకు పాఠం ఆగిపోయినట్టే. ప్యానెల్‌తో ఒక లాభం ఉంది, స్టెప్పులు ముందే రాసి పెట్టుకుని పిల్లల వైపు తిరిగి చెప్పొచ్చు. వీడియో వేస్తే కింద అక్షరాలు వచ్చేలా పెట్టండి. సైగల భాష తెలిసిన పిల్లలైతే భారతీయ సంకేత భాష నిఘంటువు ఉంది, 2021లో వచ్చిన మూడో ఎడిషన్‌లో పదివేల మాటలు ఉన్నాయి, వీడియోలు నెట్లో చూడొచ్చు.

పటమట కంప్యూటర్ టీచర్

చిన్న చిన్న పనిముట్ల సంగతులు. ఆండ్రాయిడ్‌లో టెక్స్ట్ టు స్పీచ్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి తెలుగు గొంతు డౌన్‌లోడ్ చేసి పెట్టుకుంటే నెట్ లేకపోయినా చదువుతుంది. రెండు వాల్యూమ్ బటన్లూ కలిపి మూడు సెకన్లు నొక్కితే టాక్‌బ్యాక్ ఆన్ అయ్యేలా పెట్టుకోవచ్చు. చూపున్న పిల్లలకి టాక్‌బ్యాక్ వద్దు, ఫోన్ తాకే పద్ధతే మారిపోయి కంగారు పడతారు, తాకిన చోట ఉన్నది మాత్రమే చదివే సెలెక్ట్ టు స్పీక్ చాలు. ఇయర్‌ఫోన్ వైరుదే కొనండి, బీసెంట్ రోడ్డులో 150కి దొరుకుతుంది, ఛార్జింగ్ గొడవ ఉండదు, ఒక చెవికే పెట్టించండి, రెండో చెవి మీ మాటకి.

అచ్చు పుస్తకం పేజీని ఫోటో తీసి గూగుల్ డ్రైవ్‌లో డాక్స్‌తో తెరిస్తే తెలుగు అక్షరాలుగా మారుస్తుంది, అచ్చు బాగుంటే బాగానే వస్తుంది. చేతిరాతకి నమ్మొద్దు.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఈ పిల్లలు ఫోన్ వాడుతుంటే ఫోటోలు తీసి గ్రూపుల్లో పెట్టకండి. మా దగ్గర ఒకసారి అలా జరిగింది, మంచి ఉద్దేశంతోనే పెట్టారు, ఆ పిల్ల వారం రోజులు బడికి రాలేదు.

బట్టీల దగ్గర బడి

విజయవాడకి ఇవతల ఇటుక బట్టీలున్న ఊళ్లో ప్రైమరీ టీచర్ని. మాకు ఏటా చలికాలంలో బలాంగీర్, నువాపడా వైపు కుటుంబాలు వస్తాయి, ఎండాకాలం చివర వెళ్లిపోతాయి. గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో 2020 నుంచి ఒడియా ఉంది, నేనూ సంబరంగా మొదలుపెట్టాను. ఫోన్ ఒడియాలో చెబితే పిల్లలు నా మొహం చూశారు. వాళ్ల ఇంట్లో మాట్లాడేది సంబల్‌పురి, పుస్తకాల ఒడియా కాదు. గుంటూరు వాడికి గ్రాంథికం చెప్పినట్టు అయింది. అప్పుడు వాళ్లమ్మ చేత "నీళ్లు, అన్నం, కలుపు, తీసెయ్, సగం" లాంటి 60 మాటలు ఫోన్లో రికార్డు చేయించాను. బొమ్మ, తెలుగు మాట, అమ్మ గొంతు. ఇవి బాగా పనిచేశాయి. పిల్ల మొదటిసారి క్లాసులో వాళ్లమ్మ గొంతు విని కళ్లు పెద్దవి చేసి చుట్టూ వెతికింది.

గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో సవర పిల్లలకి వాళ్ల భాషలో చదువు చెప్పడం కోసం తానే సవర నేర్చుకున్నారు. మనం 60 మాటలు నేర్చుకోలేమా అనిపిస్తుంది నాకు. మాస్టారూ, అక్కచెల్లెళ్లని విడదీయకండి, అక్క నేర్చుకున్న మాట చెల్లికి అక్కే చెబుతుంది.

ఏలూరు రోడ్ డీటీపీ

వినిచదువు గారి పోస్టు చదివి రెండు రోజులు ఏమీ రాయలేకపోయాను. ఇరవై రెండేళ్లుగా ఏలూరు రోడ్డులో డీటీపీ, అంటే కంప్యూటర్లో టైప్ చేసి పేజీలు అచ్చుకి సిద్ధం చేసే పని చేస్తున్నాను. స్కూళ్ల ప్రశ్నపత్రాలు, స్టడీ మెటీరియల్ వేల పేజీలు అనులో కొట్టాను. వాటిని వినేవాళ్లు ఉంటారని ఒక్కరోజు కూడా నాకు తట్టలేదు, ఎవరూ అడగలేదు.

మా వైపు నుంచి ఎందుకిలా అంటే, మేము నేర్చుకున్నది పేజ్‌మేకర్ అనే పాత పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్, దాంట్లో యూనికోడ్ తెలుగు పడదు. చేతులకి అనులో ఉండే ఆపిల్ అనే కీబోర్డు లేఔట్ అలవాటు. ప్రెస్సు వాళ్లకి కావాల్సింది కాగితం మీద అచ్చు, అది వస్తే చాలు. కానీ ఇప్పుడు దాని తర్వాత వచ్చిన ఇన్‌డిజైన్‌లో యూనికోడ్ బాగానే పడుతుంది, వర్డ్‌లో అయితే ఇంకా సులువు. ఆపిల్ లేఔట్‌తోనే యూనికోడ్ కొట్టే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, వేళ్లు కొత్తగా నేర్చుకోవాల్సింది ఏమీ లేదు. మండలి, రామరాజ, ఎన్టీఆర్ లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితం. మీ పాపకి మండలి పెట్టండి, గీత నిండుగా ఉంటుంది. లైనుకి లైనుకి మధ్య ఎడం ఎక్కువ ఇవ్వండి, లేకపోతే పై లైను వత్తులు కింది లైను గుడులకి తగులుతాయి, ఆ అమ్మ చెప్పిన అబ్బాయిలాంటి వాళ్లకి అది ఇంకా గజిబిజి.

పాత అను ఫైళ్లని మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, కానీ వత్తుల దగ్గర తప్పులొస్తాయి, ఒకరు కూర్చుని చదివి దిద్దాలి. ఇంకో సంగతి, యూనికోడ్‌లో కొట్టినా పీడీఎఫ్ చేస్తే ఒక్కోసారి అక్షరాలు చెదిరిపోతాయి. వినేవాళ్లకి వర్డ్ ఫైలే ఇవ్వండి.

లెక్కల మాస్టారు (గుంటూరు)

మూడు వారాలైంది, జరిగింది చెబుతాను.

పాప సైజు 28. స్లిప్ టెస్టు నేనే వర్డ్‌లో మండలి ఫాంటులో కొట్టి ప్రింట్ తీశాను. ప్యానెల్ కిటికీకి ఎదురుగా ఉంది, గోడకి బిగించారు కాబట్టి కదలదు, అందుకని కిటికీకి పాత చీర కట్టాం. రాసేది చెబుతూ రాయడం మొదట రెండు రోజులు నోరు నొప్పి పుట్టింది, ఇప్పుడు అలవాటైంది, ఆశ్చర్యం ఏమిటంటే వెనక బెంచీల్లో అల్లరి తగ్గింది.

కాలర్ మైకు కొన్నాను. ఫోన్ "భిన్నం" అంటే "విన్నాం" అని రాస్తోంది, నెట్ పోతే మొత్తం ఆగుతోంది. అయినా అబ్బాయి రెండో రోజు చెయ్యెత్తి ప్రశ్న అడిగాడు, జూన్ నుంచి అడగలేదు. అక్కచెల్లెళ్లకి 40 మాటలు రికార్డయ్యాయి, వాళ్లమ్మ బట్టీ నుంచి చీకటి పడ్డాకే వస్తుంది, మిగతావి ఆదివారం.

హమాలీ గారబ్బాయికి పది ప్రశ్నల స్లిప్ టెస్టు ఫోన్లో వినిపించాను. ఒక చెవికి ఇయర్‌ఫోన్ పెట్టుకుని, కళ్లు మూసుకుని విన్నాడు. నాలుగో ప్రశ్న మళ్లీ విన్నాడు. జవాబులు అంకెల్లో రాశాడు, అంకెలు వాడికి వచ్చు. ఎనిమిది రైటు. పేపర్ చేతికిచ్చాక అటూ ఇటూ తిప్పి చూసి, "సార్, ఇది మా నాన్నకి చూపించొచ్చా" అన్నాడు. సాయంత్రం చదివే గంటలో నా డబ్బులతో కొన్న గోధుమ పిండి పోసి అందులో గుణింతం దిద్దిస్తున్నాను, పండితులు గారికి నమస్కారం.

చిక్కు ఒకటే. నా స్లిప్ టెస్టులు నా చేతిలో ఉన్నాయి. బయటి నుంచి వచ్చే పెద్ద పరీక్షల పేపరు అచ్చు కాగితమే, ముందుగా ఎవరికీ ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. ఆ రోజు పాపకీ, హమాలీ గారబ్బాయికీ ఏం చేయాలి?

వినిచదువు (విజయవాడ)

ఆ రోజుకి చదివి పెట్టే మనిషి, అదనపు సమయం అడగండి, రాతపూర్వకంగా, ఇప్పుడే. అచ్చు కాగితంతో పాటు యూనికోడ్ ఫైలు కూడా సీల్ చేసి పంపమని అడగడం రెండో పని. ఉత్తరం నేను రాసి పెడతాను, మీ టీచర్లందరూ సంతకం చేయండి.

సత్తెనపల్లి పండితుడు

ఉత్తరంలో భాష నేను చూస్తాను. ఆ అబ్బాయిని ఆదివారాలు నా దగ్గరికి పంపించండి, బస్సు ఛార్జీ నేను పెట్టుకుంటాను.

ఏలూరు రోడ్ డీటీపీ

మాస్టారూ, మీ స్కూల్లో పేపర్లు తయారుచేసే టీచర్లు ఎంతమంది? వచ్చే రెండో శనివారం నేను గుంటూరు వస్తాను. అందరి ల్యాప్‌టాప్‌ల్లో కీబోర్డు వేసి, 28 సైజుతో ఒక ప్రశ్నపత్రం నమూనా తయారుచేసి ఇస్తాను. ఎక్కువ ఎడం, భిన్నాలు గుణకారాలు మాటల్లో పడేలా. డబ్బులు వద్దు. ప్రింటర్ మాత్రం ఉంచండి, పాప చేత అక్కడే చదివించి చూద్దాం.